పాత డీజిలు ఇంజను – బండికా, పొలమునకా?



విద్యుత్తు మోటార్లు రాకముందు మన నూతుల గట్లపై డీజిలు ఇంజన్లు నీరు తోడెడివి. నేడు వానిలో పెక్కు పాకలలో తుప్పు పట్టుచున్నవి. వానిని చూచినపుడు, "దీనికి నాలుగు చక్రములు తగిలించినచో బండి యగును గదా!" యను ఆలోచన కలుగుట సహజము. మరికొందరు తమ పాత ట్రాక్టరునకు అమర్చుటకై విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వాడిన ఇంజన్ల కొరకు వెదకుచుందురు. ఈ రెండును ఒకే పని కాదు. మొదటిది మానవలసినది; రెండవది జాగ్రత్తతో చేయదగినది అని నా అభిప్రాయము.

పంపుసెట్టు ఇంజను ఒకే వేగముతో తిరుగుటకు చేయబడినది. సాధారణముగా 5 అశ్వశక్తి గల ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. బరువు పెరిగినను, తగ్గినను గవర్నరు ఆ వేగమును నిలుపును. దానికి క్లచ్చి లేదు, గేర్లు లేవు. బెల్టు వేసి చక్రములకు కలిపినచో బండి కదలును. కాని పల్లములో బరువుతో దిగునపుడు ఆపుటకు తగిన బ్రేకులేవి?

పంజాబు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రాంతములలో ఇట్టి బండ్లను 'జుగాడ్' అందురు. ఇవియు మోటారు వాహనములే యనియు, చట్టప్రకారము నమోదు, భీమా లేక రోడ్డుపై తిరుగరాదనియు 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నమోదు లేని బండికి భీమా దొరకదు. కూలీలను ఎక్కించుకొని పోవునపుడు ప్రమాదము జరిగి ఒకరి ప్రాణము పోయినచో నష్టపరిహారము యజమానిపైననే పడును. పొలము అమ్మి చెల్లించవలసి రావచ్చును. బండి ఖర్చు తగ్గించుకొనబోయి, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లగును.

అంతమాత్రమున ఆ ఇంజను పనికిరానిది కాదు. ఒకే వేగముతో తిరుగు గుణము పశుగ్రాసము నరుకు యంత్రమునకు, కరెంటు లేనప్పుడు నీటిపంపునకు చక్కగా సరిపోవును. నేలపై గట్టి దిమ్మె కట్టి దానిని అచ్చటనే పనిచేయించుడు.

ఇక ట్రాక్టరునకు వాడిన ఇంజను కొనువారు మొదట కాగితములు చూడవలెను. ఇంజను నంబరు అరగదీసినట్లు గాని, తిరిగి కొట్టినట్లు గాని కనిపించినచో ఎంత చవకయైనను ముట్టరాదు. అమ్మువాని నుండి రసీదును, ఆ ఇంజను ఏ వాహనము నుండి తీసినదో దాని రిజిస్ట్రేషను నకలును పుచ్చుకొనుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము మార్పునకు రవాణాశాఖ అనుమతి పొంది, రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయించుకొనవలెను. మీ ట్రాక్టరునకు ముందున్న కంపెనీ, ముందున్న రకము ఇంజనే అయినచో అమరికయు, అనుమతియు సులభమగును.

తరువాత ఇంజను స్థితి చూడుడు. మీరు పోవుసరికి అది వెచ్చగా నున్నచో, చల్లారిన పిమ్మటనే స్టార్టు చేయించుడు. అరిగిన ఇంజను చల్లగా నున్నప్పుడే తన లోపమును బయటపెట్టును. నీలిపొగ విడువక వచ్చినచో రింగులు, సిలిండరు అరిగి ఆయిలు కాలుచున్నదని అనుమానింపవలెను. నల్లపొగ ఇన్జెక్టరు లోపమునకో, గాలి చాలకపోవుటకో గుర్తు. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదన్నమాట. ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూత తీసినచో పొగ ఉబుకుచున్నదా యని చూడుడు. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసికొనిపోవుట మేలు.

ధర, రవాణా, మరమ్మతు, అమర్చు కూలి – అన్నియు కలిపి లెక్క వ్రాయుడు. పెక్కుసార్లు మీ సొంత ఇంజనునకే రీబోరు చేయించి కొత్త పిస్టన్లు వేయించుట మేలని ఆ లెక్కయే చెప్పును.

గ్రామాధికారులకు ఒక మనవి. మీ యూరిలో ఎవరైనను ఇంజను బండి కట్టుచున్నారని తెలిసినచో, అది రోడ్డెక్కక ముందే పిలిచి ఈ విషయములు చెప్పుడు. ప్రమాదము జరిగిన పిమ్మట వ్రాయు పంచనామా కంటె ముందు చెప్పిన ఒక్క మాట మేలు.