వెలుతురునకు పక్షపాతమా?

నేటి పలు తెలుగు చిత్రములలో నాయిక ముఖము పాలవలె తెల్లనై యుండును. ఆమె వెనుక నిలిచిన పనికత్తె ముఖము మాత్రము ఉన్నదున్నట్లే యుండును. ఎండ యిద్దరిపైనను సమానముగనే పడినది గదా, ఈ భేదమెక్కడిదని మేమడుగుచున్నాము.

పూర్వమిట్లు చేయుటకు వీలు లేకుండెను. 1963లో 'లవకుశ' వచ్చిన పిమ్మట మన చిత్రములకు రంగు క్రమముగా వాడుకయైనది. మదరాసులోను, తరువాత బంజారాహిల్సులోని ప్రసాదు వారి ప్రయోగశాల వంటి చోట్లను ఫిల్ము పని సాగినది. నెగెటివు నుండి ప్రతిని తీయు యంత్రములో దీపపు వెలుగును వడపోత యద్దములు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాయలుగా చీల్చెడివి. ఒక్కొక్క పాయకొక తలుపు. ఆ తలుపు తెరపునకు 0 మొదలు 50 వరకు మెట్లు. గ్రేడరు ప్రతి దృశ్యమునకును మూడంకెలు వ్రాసి యిచ్చెడివాడు. ఇందొక వింత గలదు. ముద్రణలో వెలుగు పెంచినచో బొమ్మ నల్లబడును. ఎరుపు పెంచినచో బొమ్మలో ఎరుపు తగ్గి నీలియాకుపచ్చ పొడసూపును.

నాయికను తెల్లగా చూపవలెనన్నచో మూడు పాయలను తగ్గింపవలెను. తగ్గించినచో? ఆమెతోపాటు పనికత్తెయు తెల్లనగును, నల్లని జడ బూడిదవన్నెకు దిగును, అమావాస్యరాత్రి వెలవెలబోవును. ఆ యంత్రమునకు అంతస్తులు తెలియవు. (ముఖమునకు పిండి పూయువారు అప్పుడును ఉండిరి, ఆ కథ వేఱు.)

2010 తరువాత కొలదియేండ్లకే ఫిల్ము ప్రతులు మూలబడెను. నేడు కంప్యూటరుపై ముఖము చుట్టు గీత గీసి, లోపలి భాగమును మాత్రమే తెలుపు చేయవచ్చును. మనిషి కదలినచో గీతయు వెంట కదలును. సాధనము మంచిదే. చీకటిలో మునిగిన కన్నులను పైకి తెచ్చుటకును అదే పనికివచ్చును. మేము దూషించునది దానిని గాదు.

ఇది పాశ్చాత్యుల తప్పని కొందరందురు. అక్కడి ముద్రణశాలలు రంగులు సరిచూచుకొనుటకు రీలు మొదట నతికించుకొన్న స్త్రీ బొమ్మ చాలవఱకు తెల్లజాతిదే, నిజము. కాని అది ప్రేక్షకులకు చూపునది గాదు, తూకపురాయి మాత్రమే. మన తూకపురాయి మన యిండ్లలోనే యున్నది. పెండ్లి ప్రకటనలో "తెల్లని పిల్ల" కావలెనని వ్రాయించినదెవరు? ఫొటో తీయువానితో "అమ్మాయిని కొంచెము తెల్లగా చేయుము" అన్నదెవరు? మేమును అనియున్నాము, దాచనేల? ముఖలేపనములమ్మువారు సైతము 2020లో తమ సరకు పేరునుండి 'ఫెయిర్' అను మాటను తీసివేసిరి. మనము తీసితిమా? మొన్న మా యింటి పదేండ్ల పిల్ల సినిమా చూచివచ్చి అద్దము ముందు పౌడరుడబ్బా సగము ఖాళీ చేసినది. తల్లి నవ్వినది, మేమును నవ్వితిమి.

నిర్మాతలను మేము కోరునది స్వల్పము. నాట్లు వేయు పడుచుగా చూపిన పాత్రకు ఎండ తగిలిన చర్మమే యుండనిండు. ఆమె చుట్టు గీత గీయదలచినచో, ప్రక్కనున్న కూలిదాని చుట్టును గీయుడు.