మొసలి మంచిదా, చెడ్డదా?



పంచతంత్రంలోని కోతి, మొసలి కథ మీకందరికీ తెలిసిందే. కోతి రోజూ నేరేడుపళ్ళు కోసి యిచ్చేది. మొసలి తాను తిని, భార్యకు కూడా తీసుకుపోయేది. అంత తియ్యని పళ్ళు తినే కోతి గుండె మరెంత తియ్యగా వుంటుందోనని, అది తెచ్చిపెట్టమని భార్య పట్టుబట్టింది. మొసలి కోతిని వీపున ఎక్కించుకుని నట్టేట్లోకి తీసుకుపోయింది. కోతి తన గుండెను చెట్టుమీదే దాచి వచ్చానని చెప్పి, ఒడ్డు చేరి ప్రాణం దక్కించుకున్నది.

ఇందులో చెడ్డదెవరని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో “మొసలి!” అంటుంది. కాని కాస్త ఆలోచించండి. మొసలి కోతితో నిజంగానే స్నేహం చేసింది. మొదట భార్య మాటకు ఒప్పుకోలేదు. చివరకు ఇంటిపోరు పడలేక ద్రోహానికి దిగింది. అది ముమ్మాటికీ తప్పే. మరి కోతి అబద్ధమాడింది గదా? అయినా దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ప్రాణం కాపాడుకోవడానికి ఆడిన అబద్ధమూ, స్నేహితుణ్ణి చంపడానికి ఆడిన అబద్ధమూ ఒకటి కావు. కథల్లో మంచిచెడ్డలు పాలూ నీళ్ళలాగా కలిసివుంటాయి. హంసలాగా వేరుచేసుకోవలసినది చదివేవాళ్ళే.

ఇక నిజమైన మొసలిని చూద్దాం. మన సంగారెడ్డి దగ్గర మంజీరా నదిలో మొసళ్ళున్నాయి. ఆ చోటును 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆడమొసలి ఒడ్డున గొయ్యి తవ్వి 25, 30 గుడ్లు పెట్టి, సుమారు రెండు నెలలు కాపలా కాస్తుంది. లోపలినుంచి పిల్లల అరుపు వినగానే మట్టి తవ్వి, వాటిని మెల్లగా నోట కరుచుకుని నీళ్ళలో వదులుతుంది. అదే నోటితో చేపలనూ పట్టుకుంటుంది. అది ఆకలేగాని కపటం కాదు. కపటాన్ని దానికి అంటగట్టినది కథలు చెప్పిన మనుషులే.

ఇతరదేశాల్లోనూ జంతువుల సాహసగాథలున్నాయి. 1986లో వచ్చిన బ్రయాన్ జాక్స్ నవల “రెడ్‌వాల్”లో చిట్టెలుకలు మంచివి, పెద్ద ఎలుకలు చెడ్డవి. జాతి తెలిస్తే చాలు, గుణం చెప్పెయ్యవచ్చు. 1972లో వచ్చిన రిచర్డ్ ఆడమ్స్ నవల “వాటర్‌షిప్ డౌన్”లో అలా కుదరదు. అందులో నాయకులూ కుందేళ్ళే, వాళ్ళను వేధించే జనరల్ వూండ్‌వర్ట్ కూడా కుందేలే! అతని తల్లిని చిన్నప్పుడే ఒక క్రూరజంతువు చంపింది. తనవాళ్ళకు ఏ శత్రువువల్లా హాని రాకూడదని అతడి పట్టుదల. అందుకని వాళ్ళను ఇష్టంవచ్చినట్టు బయట తిరగనివ్వడు. కోరిక మంచిదే, చేసిన పని చెడ్డది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పనికోసం బీహారునుంచీ, ఒడిశానుంచీ వచ్చినవాళ్ళ పిల్లలు మన బడుల్లో చదువుతున్నారు. క్లాసులో పెన్సిలు పోగానే “వాళ్ళే తీసివుంటారు” అనడం ఎంత సులువు! మొసలి గనక దుష్టురాలే అన్నట్టుంటుంది. తీసినవాడెవడో తెలియకుండా ఒక ఊరినంతా దొంగను చెయ్యడం, పెన్సిలు తియ్యడంకంటె పెద్ద తప్పు. ఎవరు అని చూడకండి; ఏం చేశారు, ఎందుకు చేశారు అని చూడండి.

కోతి ఆ మొసలిని మళ్ళీ నమ్మలేదు. మీరే ఆ కోతి అయితే ఏం చేసివుండేవారు? ఇంట్లో అమ్మతో, నాన్నతో వాదించి చూడండి.