గడ్డి మిషన్ చేతికొచ్చింది, కళ్లద్దాలు రాలేదు

తొలకరి పడి పది రోజులు గడిస్తే చాలు, మామిడి తోటల్లోనూ ఆయిల్ పామ్ వరుసల మధ్యా పొలం గట్ల మీదా ఒకటే మోత. భుజానికి పట్టీ, చేతుల్లో పొడవాటి గొట్టం, దాని కొసన గిర్రున తిరిగే బ్లేడు. రసీదు మీద బ్రష్ కట్టర్ అని రాసి ఉంటుంది గానీ ఊళ్లో అందరికీ అది గడ్డి మిషనే. దాన్ని మోస్తున్న మనిషిని కాస్త దగ్గరగా చూడండి. కాళ్లకు హవాయి చెప్పులు, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు. తువ్వాలు ముక్కునూ నోటినీ కప్పుతుంది. కళ్లకు మాత్రం ఏ అడ్డూ ఉండదు.

ఈ మిషన్ ఊరికే రాలేదు. గట్టు చెక్కడానికి, పాదులు బాగుచేయడానికి అదనుకు కూలీలు దొరకడం కష్టమైంది. కలుపు మందుల్లో అందరికీ తెలిసిన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు యంత్రాల మీద సగం దాకా రాయితీ దొరుకుతోంది. ఎకరం గడ్డిని కొడవలితో కోయడానికి పట్టే కాలం, నడుం నొప్పి తెలిసినవాళ్లెవరూ ఈ మిషన్‌ను వద్దనరు, అనకూడదు కూడా. దాన్ని అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు, కూలీ చేతిలో పెట్టేటప్పుడు మనం ఏం ఇవ్వకుండా పంపిస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

బ్లేడుకు బదులు నైలాన్ తీగతో గడ్డి కోసే ఉపాయం 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టింది. జార్జ్ బలాస్ అనే వ్యాపారి కారు కడిగే చోట గిరగిర తిరిగే బ్రష్షుల్ని చూశాడు. ఇంటికెళ్లి పాప్‌కార్న్ డబ్బాకు బెజ్జాలు పెట్టి, వాటిలోంచి తీగలు దూర్చి, యంత్రానికి బిగించి తిప్పాడు. చెట్టు మొదలు చుట్టూ ఉన్న గడ్డి తెగింది. వేగం ఉంటే మెత్తటి తీగ కూడా కత్తి పని చేస్తుందన్నదే ఇందులోని కిటుకు. ఆ వేగం ఎంతో లెక్క కడితే గుండె ఝల్లుమంటుంది. కోసే తల నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే, తీగ కేంద్రం నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్నా సరే, దాని కొస గంటకు 450 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. ఆ కొసకు తగిలిన గులకరాయి ఎంత విసురుగా లేస్తుందో, ఏ దిక్కుకు వెళుతుందో చూసి తప్పుకునే వ్యవధి మనిషికి ఉండదు.

పెద్ద రాయి కంటే చిన్న ఇనుప రజను ప్రమాదం. బ్లేడు రాయిని తాకినప్పుడు పళ్ల అంచు నుంచి ఆవగింజలో సగం ముక్క విరిగి కంట్లోకి దూసుకుపోవచ్చు. గాయం పైకి కనపడకపోవచ్చు, నొప్పి కూడా తక్కువే ఉండొచ్చు. నలక పడిందనుకుని కన్ను నులుముకుని పని సాగిస్తారు. లోపల ఉండిపోయిన ఇనుము తుప్పులా కరిగి నెలల తరబడి రెటీనాను చెడగొడుతుంది. గడ్డి పరక గీసుకున్నా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. దక్షిణ భారతంలో నల్లగుడ్డు మీద వచ్చే ఫంగస్ పుండ్లకు పొలం పనిలో ఆకు, గడ్డి, పొట్టు గుచ్చుకోవడం ప్రధాన కారణమని కంటి వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. అలాంటి పుండుకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే ఫంగస్ మరింత పెరుగుతుంది. మిషన్ పనిలో కంట్లో ఏదైనా పడితే నులమకుండా, ఇంటి వైద్యాలు చేయకుండా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. జాలీ ముసుగు ఒక్కటే చాలదు. జాలీ సందుల్లోంచి రజను దూరుతుంది కాబట్టి దాని కింద కళ్లద్దాలు ఉండాల్సిందే.

మిషన్ పట్టుకున్నవాళ్లకే కాదు, పక్కన ఉన్నవాళ్లకూ ఇదే ముప్పు. తయారీ కంపెనీల పుస్తకాల్లో దాదాపు అన్నింటిలోనూ ఒక లెక్క ఉంటుంది: చుట్టూ 15 మీటర్ల లోపు ఇంకో మనిషి ఉండకూడదు. పొలంలో ఇది పాటించవచ్చు. భోజనం క్యారేజీ తెచ్చిన పిల్లవాడు వెనక నుంచి వచ్చి భుజం తట్టకుండా ముందే చెప్పి ఉంచాలి, అంతే. నగరంలో రోడ్డు డివైడర్ మీద గడ్డి కోసే ఒప్పంద కార్మికుడు ఏం చేయాలి? అతనికి అటు రెండు మీటర్లలో బస్సు, ఇటు రెండు మీటర్లలో స్కూటర్ మీద వెళ్లే తల్లీబిడ్డలు. అక్కడ గడ్డిలో సీసా పెంకులు, కేబుల్ ముక్కలు, కాంక్రీటు పెళ్లలు ఉంటాయి. ఇద్దరు సహాయకులు పట్టుకుని నడిచే వల తెర, రద్దీ లేని వేళ పని, కోతకు ముందు ఒక మనిషి నడిచి చెత్త ఏరడం... ఈ మూడింటినీ కాంట్రాక్టు షరతుల్లో చేర్చి, వాటికయ్యే డబ్బు అంచనాలోనే చూపించాలి. ఖర్చు చూపించకుండా జాగ్రత్త అడిగితే ఆ భారం కార్మికుడి ఒంటి మీదే పడుతుంది.

పొలంలోనూ ముందు నడిచి చూడడం తప్పదు. పాత కంచె తీగ, డ్రిప్ లేటరల్ పైపు, గట్టు కింద పాము పుట్ట. తీగ ముక్క బ్లేడుకు చుట్టుకుంటే కొరడాలా కాలికి తగులుతుంది. వయ్యారిభామ గుబురుగా ఉన్నచోట ఇంకో తిప్పలుంది: తెగిన మొక్క తునకలు, పుప్పొడి ఒళ్లంతా చిమ్ముతాయి, పడనివాళ్లకు చర్మం దద్దుర్లెక్కుతుంది, ఆయాసం వస్తుంది. నిండు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, బూట్లు ఎండాకాలంలో ఇబ్బందే. అందుకే పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కే లోపు ఆపేయడం మంచి పద్ధతి.

ఇక బ్లేడు. పైనుంచి చూస్తే చాలా మిషన్లలో అది అపసవ్య దిశలో తిరుగుతుంది. దాన్ని గడియారం అనుకుంటే 12 నుంచి 3 దాకా ఉన్న ముందు కుడిభాగం కర్రకో రాయికో తగిలిందంటే మిషన్ మొత్తం ఒక్కసారిగా పక్కకు ఎగదన్నుతుంది. భుజం పట్టీ సరిగా లేకపోతే ఆ విసురులో మనిషే తూలి పడతాడు. అందుకే కుడి నుంచి ఎడమకు ఊపుతూ, ఎడమ భాగంతో కోయాలి. చాలామంది కొన్న వారానికే గడ్డి ఇరుక్కుంటోందని ప్లాస్టిక్ గార్డు ఊడదీస్తారు. రాళ్లు కాళ్ల మీదికి రాకుండా ఆపేది అదే. పైగా నైలాన్ తీగను తగిన పొడవులో కత్తిరించే చిన్న కత్తి కూడా దానికే ఉంటుంది. గార్డు తీసేస్తే తీగ పొడవు పెరిగి ఇంజిన్ మీద భారం పడుతుంది, క్లచ్ వేడెక్కి కాలిపోతుంది. నైలాన్ త్వరగా అరుగుతోందని ఇనుప తీగో గొలుసు ముక్కలో బిగించడం అన్నిటికంటే ఘోరం. గొలుసు లింకు తెగితే తూటాతో సమానం. ఇలా ఒకదానికొకటి తగిలించిన లోహపు ముక్కలతో చేసిన కోత తలల అమ్మకాన్ని నిషేధించాలని యూరోపియన్ కమిషన్ 2012 జనవరిలో సభ్యదేశాలన్నిటినీ ఆదేశించింది. మన దగ్గర అలాంటివి కనిపిస్తే కొనకూడదు, అమ్మకూడదు.

మిషన్ పాడైందని మెకానిక్ దగ్గరికొచ్చే కేసుల్లో తవ్వి చూస్తే తరచూ ఇంధనమే తేలుతుంది. రెండు స్ట్రోకుల ఇంజినుకు పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలపాలి. కంపెనీ 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మూత కొలతతో వేసి ఊపేస్తే కుదరదు. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకు మసి పడుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజినుకు ఆయిల్ విడిగా పోయాలి, పెట్రోల్‌లో కలపకూడదు. అద్దెకు తెచ్చిన మిషన్ ఏ రకమో అడగకుండా నింపడం వల్ల రెండు రకాలూ పాడవుతున్నాయి.

దీనికి తోడు కొత్త చిక్కు వచ్చింది. దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 2025లో 20 శాతానికి చేరింది. చేతి యంత్రాల తయారీదార్లలో చాలామంది తమ పుస్తకాల్లో 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మిషన్‌ను కొట్టంలో మూలన పడేసి రెండు నెలలు వదిలేస్తే, నీరు తాగిన ఇథనాల్ ట్యాంకు అడుగుకు దిగుతుంది. 2టీ ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ఇంజిను ఇంధనం లాక్కునే గొట్టం ఉండేది అడుగునే. అంటే తాడు లాగగానే జిడ్డు లేని ద్రవం లోపలికి వెళుతుంది. కార్బురేటర్‌లోని పల్చటి రబ్బరు పొరలు కూడా దీనివల్ల గట్టిపడి చెడిపోతాయి. ఆ రోజు పనికి సరిపడానే కలుపుకోవడం, సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి ఆగేదాకా ఇంజిను నడపడం ప్రస్తుతానికి రైతు చేతిలో ఉన్న మార్గం. కొత్త ఇంధనానికి తట్టుకునే గొట్టాలు, పొరలు పాత మిషన్లకు అందించే బాధ్యత కంపెనీలది. ఆ మాట వ్యవసాయ శాఖ అడగాలి.

రోజువారీ సంరక్షణ పెద్ద పనేం కాదు. ఎయిర్ ఫిల్టర్ దులపడం, ప్లగ్గు తీసి మసి తుడవడం, కింద గేరు పెట్టెలో గ్రీజు చూసుకోవడం. వేడి ఇంజినులో పెట్రోల్ పోయకూడదు. పోశాక డబ్బాను దూరం పెట్టి, మూడు నాలుగు మీటర్లు పక్కకు జరిగి స్టార్ట్ చేయాలి. ఇరుక్కున్న గడ్డి తీసేటప్పుడు ఇంజిను ఆపి, ప్లగ్గు టోపీ లాగేయాలి. బ్లేడు నట్టు చాలా మిషన్లలో ఎడమ మర. తెలియక బలంకొద్దీ మామూలు దిక్కుకు తిప్పితే ఊడడానికి బదులు ఇంకా బిగుసుకుంటుంది, స్పానరు జారి చెయ్యి పళ్ల మీద పడుతుంది. బీట వారిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించి మళ్లీ వాడితే, అది ఆ అతుకు దగ్గరే ఊడి ఎగిరిపోవచ్చు. దాన్ని పాత ఇనుముకు వేయడమే.

కనపడని నష్టాలు రెండున్నాయి. చెవి దగ్గర ఈ మిషన్ మోత 95 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 దగ్గర ఎనిమిది గంటలు భరించవచ్చు, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 95 దగ్గర గంట కూడా దక్కదు. మనవాళ్లు రోజుకు ఆరేడు గంటలు నడుపుతారు. రెండోది ప్రకంపన. సాయంత్రం అన్నం కలుపుకునేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కి ముద్ద జారిపోతోందని చెప్పే కూలీలు తక్కువేం లేరు. రక్తనాళాలను, నరాలను దెబ్బతీసే ఈ ప్రకంపనకు యూరప్‌లో 2002 నుంచే రోజువారీ పరిమితి చట్టంలో ఉంది. ఇక్కడ రోజు లెక్కన, ఎకరం లెక్కన కోసే మనిషికి ఆ ఊసే లేదు. ఇద్దరు మనుషులు వంతులవారీగా అరగంటకొకసారి మారితే రెండు నష్టాలూ బాగా తగ్గుతాయి. దానికి కూలి ఇంకొకటి ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వాలి.

చట్టానికి దారి కొత్తగా వేయాల్సిన పని లేదు. నూర్పిడి యంత్రాల్లో రైతుల చేతులు తెగిపోతున్న రోజుల్లో పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పవర్ థ్రెషర్‌ను అందులో నేరుగా పేర్కొని, గ్రామీణ రంగంలోని ఇతర యంత్రాలను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారం కేంద్రానికి ఇచ్చింది. బ్రష్ కట్టర్‌ను అందులో చేర్చే విషయం పరిశీలించాలి. అంతవరకూ ఆగనక్కర్లేని పని ఒకటి రాష్ట్రాల చేతిలోనే ఉంది. రాయితీ మీద ఇచ్చే ప్రతి మిషన్‌తో పాటు కళ్లద్దాలు, చెవి మఫ్లు, సరైన భుజం పట్టీ, ఆయిల్ కలిపే గీతల సీసా, తెలుగులో బొమ్మలతో అచ్చువేసిన వాడకం పుస్తకం ఒకే ధరలో ఉండాలి. అవి లేని డీలరుకు రాయితీ బిల్లు పాస్ చేయకూడదు.

తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామగ్రామానా రైతు సేవా కేంద్రాలున్నాయి. మే నెలాఖరులో అక్కడ ఒక పూట చాలు. మిషన్ కొన్న రైతును పిలవడంతో సరిపెట్టకుండా దాన్ని రోజంతా మోసే కూలీని పిలవాలి, ఆ పూట కూలి కట్టివ్వాలి. బ్లేడు విప్పడం, బిగించడం, 20 మిల్లీలీటర్లు కొలవడం అతని చేతులతోనే చేయించాలి. ఇంటికెళ్లేటప్పుడు కళ్లద్దాలు అతని పేరు రాసి అతనికే ఇవ్వాలి, యజమాని కొట్టంలో మేకుకు వేలాడదీయడానికి కాదు.