గుమాస్తా చేత రాయించుకునే కాగితం

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణానికి సరకు ఎంత ముఖ్యమో, నమ్మకమైన గుమాస్తా అంత ముఖ్యం. ఏ ఊరి రైతు ఏ రకం కాయ తెస్తాడు, ఎవరికి ఎంత పెట్టుబడి ఇచ్చారు, తేజ రకం కొనే పార్టీ ఎవరు, ఎవరి చెల్లింపులు ఆలస్యమవుతాయి అన్న సంగతులు యజమాని పుస్తకాలలో కంటె గుమాస్తా నోటనే ఎక్కువగా ఉంటాయి. అటువంటి మనిషి సీజను ముంగిట మానేసి పక్క దుకాణంలో చేరినా, సొంత దుకాణం తెరిచినా, అతని వెంట కొందరు రైతులు వెళ్ళడం కద్దు.

అందుచేత "పని మానిన తర్వాత రెండేళ్ళపాటు ఈ ఊళ్ళో ఇదే వ్యాపారం చేయను" అని స్టాంపు కాగితం మీద ముందే రాయించుకుంటే మేలన్న ఆలోచన చిన్న వర్తకులకు కలగడం సహజం. వారి ఆందోళన న్యాయమైనదే. కాని ఆ కాగితం విలువ ఎంత?

చట్టసమ్మతమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. గుడ్‌విల్ అమ్ముకున్నవారి విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. 1874లో కలకత్తా హైకోర్టుకు ఇద్దరు పోటీ దుకాణదారుల తగాదా వచ్చింది. ఆ పేటలో ఒకరు దుకాణం మూసివేసేటట్లు, ఆయన పనివారికి ఇచ్చిన అడ్వాన్సులను రెండోవారు చెల్లించేటట్లు ఒప్పందం. దుకాణం మూతపడింది, సొమ్ము రాలేదు. నిషేధం ఒక్క పేటకే పరిమితమైనా ఒప్పందం చెల్లదని కోర్టు తేల్చింది.

సరకుల తూకం, నాణ్యత పరీక్షించే ఒక కంపెనీ తన మాజీ మేనేజరుపై పెట్టిన కేసులో 1980లో సుప్రీంకోర్టు కంపెనీ వాదనను తోసిపుచ్చింది. ఉద్యోగం ముగిశాక వర్తించే నిషేధం చెల్లదన్న సూత్రాన్ని 2006లో మరొక కేసులో ధ్రువపరిచింది.

యజమానికి రక్షణ బొత్తిగా లేదని కాదు. అయిదేళ్ళ ఒప్పందం మధ్యలో వదలి పోటీ కంపెనీలో చేరిన ఉద్యోగిని, గడువు తీరేవరకు అక్కడ పని చేయరాదన్న ఉత్తర్వును 1967లో సుప్రీంకోర్టు సమర్థించింది. మూడేళ్ళలోపు మానితే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025లో ఆమోదించింది. అయితే ఎంపికకు బ్యాంకు చేసే ఖర్చు వేరు, నోటిమాట మీద గుమాస్తాను పెట్టుకునే దుకాణం సంగతి వేరు.

చెల్లకపోయినా భయపెట్టడానికి ఆ కాగితం పనికొస్తుందన్న వాదన ఉంది. భయపడేది ఎవరు? లాయరును అడగగలవాడు భయపడడు. పిల్లల చదువులు, ఇంటి అద్దె నెత్తిన ఉన్నవాడే భయపడతాడు. పని తెలిసి ఉండటమే అతని ఏకైక పెట్టుబడి. దాన్ని రెండేళ్ళు మూలన పెట్టమంటే అతడు ఏం తిని బతకాలి? నేటి దుకాణదారులలో ఒకనాటి గుమాస్తాలు లేకపోలేదన్న సంగతీ మరువరాదు. పైగా ఏ దుకాణంలో ఎలాంటి కాగితం రాయించుకుంటున్నారో యార్డులో దాగదు. పనిమంతుడు ఆ గుమ్మం తొక్కడు.

వర్తకులు చేయదగిన పనులు వేరే ఉన్నాయి. పార్టీల ఖాతాలు, రైతుల బాకీలు ఒక్కరి చేతిలోనే ఉంచరాదు. పనిలో ఉండగా సొంత బేరాలు చేయరాదని, మానేముందు నెల నోటీసు ఇచ్చి పద్దులు అప్పగించాలని రాయించుకోవచ్చు. పదేళ్ళు నమ్మకంగా చేసినవానికి లాభంలో వాటా ఇచ్చి భాగస్వామిగా చేర్చుకుంటే ఇంకా మంచిది. విడిపోయిన భాగస్వామి కొంతకాలం, లేదా కొంత పరిధిలో పోటీ వ్యాపారం చేయరాదన్న సమంజసమైన ఒప్పందాన్ని 1932 నాటి భాగస్వామ్య చట్టం 36వ సెక్షన్ అనుమతిస్తోంది.

గుమాస్తాగా ఉంచి కట్టడి చేయబోతే చట్టం అడ్డు. వాటాదారును చేస్తే ఆ చట్టమే అండ. స్టాంపు కాగితానికి పెట్టే సొమ్ము దీపావళి బోనసులో కలిపినా యజమానికి అంతకంటె ఎక్కువే గిట్టుబాటవుతుంది.