తిన్నని కాలువ, వంకర నది

మురుగుకాలువలను తిన్నగా త్రవ్వి పల్లపు భూములను ఎండగట్టినచో సేద్యము వృద్ధియగునని మన సంఘసభ్యులలో పలువురి అభిప్రాయము. కొంతవరకు అది నిజమే. కాని ఆ పని యెంతదూరము పోగలదో దక్షిణ ఫ్లారిడా రైతులు మనకంటె ముందుగా చూచినారు.

అమెరికాలోని ఆ సీమలో కిస్సిమ్మీ యను నది 103 మైళ్లు వంకరలు తిరుగుచు ఒకీచోబీ సరస్సున పడెడిది. వరదనీరు ఇరుప్రక్కల పల్లములలో పరచుకొని, తేరుకొని, మెల్లగా సరస్సు చేరెడిది. 1962 మొదలు 1971 వరకు ప్రభుత్వమువారు దానిని 56 మైళ్ల తిన్నని కాలువగా మార్చిరి. వరదబాధ తగ్గెను. పల్లములెండి నీటిపక్షులు తొలగిపోయెను. పశువుల బీళ్ల యెరువుసారము వడపోత లేకయే సరస్సున పడసాగెను. తుదకు 1999లో కాలువను కొంతమేర పూడ్చి పాత వంకరలనే నదికి తిరిగి యిచ్చుటకు మొదలిడి 2021లో ముగించిరి. త్రవ్వుటకు తొమ్మిదేండ్లు, పూడ్చుటకు ఇరువదిరెండేండ్లు!

సరస్సునకు దక్షిణమున చెరకు పండు నేల సంగతి మరింత ఆలోచింపదగినది. అది మన రేగడి వంటిది కాదు. వేలయేండ్లు నీటిలో గడ్డి కుళ్లి పేరుకొనిన నల్లమట్టి. నీరు తీసివేయగా గాలి తగిలి ఆ మట్టియే కరగిపోవుచున్నది. బెల్ గ్లేడ్ అను ఊర 1924లో అడుగురాతి వరకు దింపిన స్తంభపు తల ఆనాడు నేలమట్టముగా నుండెను. నేడది ఆరడుగులకు పైగా బయటపడియున్నది. ఎరువు వేసి తెచ్చుకొనుటకు పోయినది సారము కాదు, నేలయే. తీరమున మయామీ వైపు మంచినీటి ఒత్తిడి తగ్గి, సముద్రపుటుప్పు భూగర్భజలములోనికి చొచ్చెను.

తప్పంతయు రైతుదేయని పట్టణవాసులు పలుకుట వాడుక. నేనొప్పను, ఆ తీరపు బురదలపై లేచిన పట్టణములను మరచుట న్యాయము కాదు. పైగా 1994 నాటి చట్టము అచటి చెరకు రైతులను తమ మురుగునీటి భాస్వరమును నూటికి 25 వంతులు తగ్గింపుడనగా, దీర్ఘకాలపు సగటున వారంతకు మించియే తగ్గించిరి.

మన కొల్లేటిలో చేపలచెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే కొట్టించిన సంగతి ఎల్లరెరుగుదురు. ఆ నీటికి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే. కావున గట్టుకైనను కాలువకైనను సంఘము అప్పు మంజూరు చేయుటకు ముందు, ఆ నీరెచటికి పోవునో వ్రాయించి, దిగువ గ్రామపు సభ్యుల సమ్మతి గైకొనవలెనని నా కోరిక. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టుడు.