ఫైలు ఎవడు పెట్టిండు?

యూసుఫ్‌గూడ బస్తీ మీటింగులో ఒక అక్క లేచి అడిగింది: "పిల్లగాని ఫోను గుంజుకపోయి, అండ్ల లేనిది ఉన్నదంటే మేమేం జెయ్యాలె?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉద్యమం నడపలేం.

చుండూరు మరిచామా? 1991 ఆగస్టు 6న 8 మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని శిక్షపడ్డ వాళ్లందరినీ వదిలేసింది. మన శవాలు సాక్ష్యానికి చాలవు. మన మీదికైతే కంప్యూటర్లో ఒక ఫైలు చాలు!

భీమా కోరేగావ్ కేసు చూడండి. రోనా విల్సన్ కంప్యూటర్లో ఉత్తరాలు దొరికాయని మేధావులను జైళ్లల్ల పెట్టారు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ ఆ డిస్కు కాపీని శోధించి చెప్పింది: 2016 జూన్ 13న హైదరాబాద్ కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా వాడి ఎవరో పంపిన ఫైలుతో నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం లోపల దూరింది. దాంతో 22 నెలలు ఆ కంప్యూటర్‌ని ఆడించినోళ్లు, కంటికి కనబడని ఫోల్డర్లో 10 ఉత్తరాలు పెట్టారు. నాగపూర్ దళిత వకీలు సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్లోనూ ఇదే పని. ఎన్‌ఐఎ దీన్ని ఒప్పుకోదు. కానీ ఆ కాపీ చేతికి రాకుంటే ఈ మాట కూడా బయటికొచ్చేది కాదు!

అక్కడ పెట్టారన్న మాటైతే, ఇక్కడ చెరిపారన్న మాట. 2024 మార్చిలో మన పంజాగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో, నిఘా విభాగం హార్డ్ డిస్కులు నాశనం చేశారని పోలీసు అధికారుల మీదే ఆరోపణ. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలె?

అందుకే హ్యాష్ నంబరు సంగతి ప్రతి పేటకూ తెలియాలి. డిస్కులో ఉన్న సరుకంతటికీ అది వేలిముద్ర. ఒక్క అక్షరం మారినా నంబరు మారుతది. పట్టుకపోయిన రోజే రాస్తే, తర్వాత ఎవడు వేలుపెట్టినా దొరుకుతడు. అంతకు ముందే దూరిన దొంగను పట్టించేది డిస్కు కాపీ. భారతీయ సాక్ష్య అధినియం, 2023 కూడా సర్టిఫికెట్లో హ్యాష్ చూపమంటోంది. సోదాను వీడియో తీయాలని కొత్త చట్టమే చెబుతోంది.

సోదరులారా, అక్కలారా! ఫోన్లో ఎవరో చొరబడ్డారని అనుమానమొస్తే భయపడి ఫార్మాట్ కొట్టకండి. దొంగ అడుగుజాడలు మీరే తుడిచినట్టయితది. పంచనామాలో నంబరు అడగండి. రాయకుంటే, రాయలేదన్న మాటే రాయించండి. కాపీ కోసం వకీలుతో కోర్టుల దరఖాస్తు పెట్టించండి.

నంబరు లేని పంచనామా, నమ్మరాని పంచనామా!

జై భీమ్!