గుండెదడయు, దాని వెంట వచ్చు భయమును



చీకటిలో త్రాటిని జూచి పామనుకొని బెదరినవారికి దీపము తెచ్చి చూపినచో భయము తీరును. కాని యింటిలో నొకసారి నిజముగా పాము కనబడిన పిమ్మట, ఆ యింటి యిల్లాలితో “అది త్రాడే, పడుకొనుము” అన్నంత మాత్రమున ధైర్యము కలుగునా? గుండె నడక తప్పు జబ్బు గల స్త్రీకి భయము ముంచుకొని వచ్చునపుడు ఆమె స్థితియు నిట్టిదే. ఈ మాసము ఆమెనుగూర్చియే ముచ్చటింతము.

దేవరకొండ ప్రాంతముననో, అచ్చంపేట చెంతనో ఒక యిల్లాలున్నదనుకొనుడు. చిన్ననాడు వచ్చిన కీళ్లవాతపు జ్వరముచే గుండె కవాటము చెడి, నాడి తాళము తప్పి కొట్టుకొనుచుండవచ్చును. లేక, కవాటములు చక్కగనే యుండియు, గుండెలోని విద్యుత్తు అడ్డదారి పట్టి చుట్టు తిరుగుటచే, నిమిషమునకు 150 మొదలు 220 వరకు ఉన్నట్టుండి కొట్టుకొనవచ్చును. పెనిమిటి పాలమూరు సీమలో పలువురివలెనే బొంబాయికో పూనాకో వలసపోయినాడు. నడిరేయి ఆమె గుండె గుభేలుమనును. చేతులు చెమర్చును, గొంతు తడియారును, వ్రేళ్లు తిమ్మిరెక్కును, ప్రాణము పోవుచున్నదే యని తోచును. ఇది గుండెజబ్బా? భయమా?

ఇరుగుపొరుగువారు గాలి సోకినదని తాయెత్తు గట్టింతురు. లేదా “వట్టి బెదురు” అని త్రోసివేయుదురు. వైద్యులకును ఈ తగవు తీర్చుట సులభము గాలేదు. అమెరికా అంతర్యుద్ధమున పోరిన సైనికులలో దడ, ఎదనొప్పి, ఆయాసము గలిగి, గుండెలో మాత్రము వికారము కనబడనివారిని గూర్చి 1871లో డాకోస్టా అను వైద్యుడు వ్రాసి, దానికి “ఉద్రేకపడు గుండె” యని పేరు పెట్టెను. అచట గుండెజబ్బు లేకయే దడ గలదు. దీనికి మారుగా, 1997లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశీలన మఱొకటి గలదు. గుండె హఠాత్తుగా పరుగెత్తు జబ్బు నిశ్చయముగా నున్న 107 మందిని విచారింపగా, నూటికి 67 మంది లక్షణములు భయపుజబ్బు లక్షణములతో సరిపోయెను. సగమునకు మించినవారి గుండెజబ్బు మొదటి పరీక్షలో బయటపడనే లేదు. అట్లు బయటపడనివారిలో “ఇది మనోవ్యాకులమే” అనిపించుకొన్నవారు పురుషులకంటె స్త్రీలే యెక్కువ. కావున “బెదురే” యను మాట పరీక్షకు ముందు పలుకరాదు.

నిజమునకు రెండును ఒకదాని నొకటి పెంచుకొనును. భయము కలుగగానే దేహమున అడ్రినలిన్ అను రసము ఊరి గుండెను త్వరపెట్టును. ఆ త్వరను గమనించి భయము హెచ్చును. ఊపిరి వేగమై నెత్తుటిలోని బొగ్గుపులుసు గాలి తగ్గుటచే వ్రేళ్లకును పెదవులకును తిమ్మిరి, తలకు తిప్పట కలుగును. జబ్బు గల గుండెలో ఆ రసమే నిజమైన దడను రేపుటయు గలదు. కాబట్టి యిది గుండెయా, భయమా యని నడిరేయి ఒంటరిగా తర్కించుట వ్యర్థము. చీకటి పడకముందే దీపము సిద్ధపరచుకొనవలెను.

ఆ దీపమేదనగా: నెమ్మదిగా నున్న దినమున డాక్టరునొద్ద కూర్చుండి నాలుగు ప్రశ్నలకు బదులు వ్రాయించుకొనుట. నా గుండె నడకలోని లోపము పేరేమి? అది ప్రాణాపాయకరమా? దడ వచ్చినపుడు నే నేమి చేయవలెను? ఎంతసేపటికి తగ్గనిచో దవాఖానాకు బయలుదేరవలెను? ఆ కాగితమును, దడ సమయమున తీసిన ఇ.సి.జి. నకలును ఇంటిల్లిపాదికి తెలిసినచోట నుంచుడు. దడ నాటి ఇ.సి.జి.యే అన్నిటికంటె గట్టి సాక్ష్యము. అది దొరకనిచో 24 గంటలు దేహమున ధరించు హోల్టరు యంత్రమును గూర్చి యడుగుడు.

దడ వచ్చినపుడు మొదట కూర్చుండుడు. బొటనవ్రేలి మొదట మణికట్టుపై మూడు వ్రేళ్లుంచి, గడియారము చూచుచు నిండు నిమిషము నాడి లెక్కింపుడు. అది రోకటిపోటువలె సమముగ నున్నదా, పేలాలు వేగినట్లు తాళము లేక యున్నదా? భయపు దడ సాధారణముగా కొద్ది నిమిషములలో పెరిగి మెల్లమెల్లగా దిగును. అడ్డదారి దడ మీట నొక్కినట్లు మొదలై అట్లే ఆగును. ఈ గుర్తులు ఒక్కొక్కప్పుడు మోసగించును గనుక వ్రాసిపెట్టి డాక్టరుకు చూపుడు. కాని లెక్క ఒక్కమారే చాలును. దినమంతయు నాడి పట్టుకొని కూర్చుండుట భయమునకు మేత వేయుటయే.

పిమ్మట ముక్కుతో నాలుగు లెక్కించునంత గాలి పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువుడు. ఊపిరి బిగబట్టి ముక్కుటచే కొన్ని దడలు ఆగును. ఊది, వెంటనే వెల్లకిల పరుండి కాళ్లెత్తించుకొను పద్ధతిచే నూటికి 43 మందికి నిలిచినదనియు, పాత పద్ధతిచే 17 మందికే నిలిచినదనియు 2015లో ఇంగ్లండున జరిగిన పరిశీలన తెల్పెను. అయినను మీ డాక్టరు స్వయముగ నేర్పినగాని దీనిని చేయకుడు.

స్పృహ తప్పినను, ఎదలో నొప్పి గలిగినను, కూర్చున్నను ఆయాసము తీరకున్నను, మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒకప్రక్క చేయి కాలు పట్టుదప్పినను ఆలోచింప పనిలేదు. 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదున మొదలైన ఈ బండి నేడు పల్లెలకును వచ్చుచున్నది. పూర్వము పెద్ద వైద్యమనగా పట్నము పోవలసినదే. 2016లో మహబూబ్‌నగరునను, 2019లో నల్లగొండ, సూర్యాపేటలందును సర్కారు వైద్యకళాశాలలు ఆరంభమైనవి. బీబీనగరు ఎయిమ్సులోను 2019లోనే తరగతులు మొదలైనవి.

అడ్డదారి దడకు, తొడనరమునుండి సన్నని గొట్టము పంపి ఆ దారిని మాడ్చు చికిత్స గలదు. దానిచే పెక్కుమందికి జబ్బు మరల రాదు. నెత్తురు గడ్డకట్టకుండ మాత్రలు వాడువారును, గుండె వేగము తగ్గించు మాత్రలు వాడువారును తమంతట మానరాదు. గర్భము దాల్పదలచినవారు ముందే డాక్టరుతో చెప్పవలెను.

గుండెకు మందిచ్చిన పిదపను భయము నిలిచినచో, అదియు చికిత్స గల జబ్బే, సిగ్గుపడ పనిలేదు. మెట్లెక్కుట, ఒంటరిగా అంగడికి పోవుట మొదలగు మానుకొన్న పనులను డాక్టరు సమ్మతితో కొద్దికొద్దిగా మరల అలవరచు పద్ధతి గలదు. 2022 అక్టోబరున నెలకొల్పిన టెలిమానసు 14416కు ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. మనసు డాక్టరుకు గుండె మాత్రల సంగతియు, గుండె డాక్టరుకు మనసు మాత్రల సంగతియు తప్పక చెప్పుడు. కొన్ని మందులు గుండె నడకను మార్చగలవు.

ఇక అత్తలకును, తోడికోడండ్రకును, ఎదిగిన బిడ్డలకును ఒక మాట. ఆమెతో “ఏమియు లేదు” అనకుడు; “అయ్యో” యని గుండెలు బాదుకొనకుడు. ప్రక్కన కూర్చుండి, “నేనున్నాను. కాగితము తెచ్చెదను, నాడి చూతము” అనుడు.